మసీదు గుమ్మంలో ఊదిన నీళ్ళు

సర్వ స్తుతులూ అల్లాహ్‌కే. ఎముక లోపల మూలుగను దాచినవాడు ఆయన. ఆ చీకట్లో రక్తాన్ని పుట్టించేవాడు, మనకు తెలియకుండానే ప్రతి పూటా పాతది తీసి కొత్తది పోసేవాడు ఆయన. జబ్బునిచ్చినవాడూ ఆయనే, దానికి మందును భూమి మీదకు దింపినవాడూ ఆయనే. ఆయన ప్రవక్త మీద, ఆ ప్రవక్త ఇంటివారి మీద శాంతీ శుభాలూ కురియుగాక. ఈ మాట ముందు అనకుండా మా ఇంట్లో ఏ పనీ మొదలుపెట్టం. ఇది రాయడం కూడా అంతే.

మాది దూదేకుల ఇల్లు. అనకాపల్లిలో వీధివైపు గది పరుపుల కొట్టు, వెనకాల మేము. మా ఆయన తాతలు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవారట. ఈయన చేతికి వచ్చేసరికి మిషను వచ్చింది. చీడికాడ వైపు నుంచి బూరుగుదూది బస్తాలు దిగేవి, పెళ్ళిళ్ళ రోజుల్లో కోటవురట్ల దాకా పరుపులు వెళ్ళేవి. నేను సాయంత్రాలు వీధిలోని ఆడపిల్లలకు అరబీ అక్షరాలు, నమాజు, ప్రవక్త చెప్పిన మాటలు నేర్పుతాను. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి ఆ చదువొక్కటే.

పరుపులు ఎత్తి దించేవాడికి నడుం నొప్పి రాకపోతేనే వింత. అందుకే మొదట్లో ఎవరం పట్టించుకోలేదు. వేడినీళ్ళ కాపడం, తైలం, బెల్టు, ఇలాగే గడిచింది. ఒకరోజు నమాజులో నుదురు నేలకు ఆన్చే సుజూదులోకి వంగిన మనిషి మళ్ళీ లేవలేకపోయారు. వెన్నుపూస విరిగిందన్నారు. విరగడానికి కారణం వెతికితే విశాఖపట్నంలో డాక్టరుగారు మైలోమా అన్నారు. మూలుగలో పుట్టే క్యాన్సర్ అట.

నెలల తరబడి ఇంజెక్షన్లు అయ్యాక, జబ్బు వెనక్కి తగ్గిందనీ, ఇప్పుడు మూలకణాల మార్పిడి చేస్తే చాలాకాలం అలాగే ఉంచవచ్చనీ చెప్పారు. ఆ డాక్టరుగారు ఓపికమంతుడు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక.

"మీ రక్తంలోంచి మీ మూలకణాలే తీసి దాస్తాం. తర్వాత గట్టి మందు ఎక్కించి మూలుగను ఖాళీ చేస్తాం. అప్పుడు మీవి మీకే తిరిగి ఎక్కిస్తాం. అవి కుదురుకుని పని మొదలుపెట్టేదాకా ఒంట్లో తెల్లకణాలు ఉండవు. ఆ రోజులే గండం" అన్నారు.

మా ఆయన అందుకున్నారు. "అంటే పాత పరుపు విప్పేసి, దూది ఏకి, మళ్ళీ ఆ సంచీలోనే కూరడం లాగన్నమాట."

"అచ్చంగా అంతే" అని డాక్టరుగారు నవ్వారు.

"దూది తీసేసేక మళ్ళీ కూరేదాకా అది ఉట్టి సంచీ కదండీ. ఎవడు తొక్కినా సిరిగిపోద్ది. అప్పుడేటి మరి?"

"అప్పుడు మీ ఆవిడ కాపలా."

నవ్వులాటకు అన్న మాట కాదది. ఇప్పుడు ఈ చికిత్స కొందరికి ఆసుపత్రిలో పడుకోబెట్టకుండానే చేస్తున్నారు. రోజూ పొద్దున్నే వెళ్ళి రక్తం చూపించుకోవాలి, సెలైనో ప్లేట్‌లెట్లో ఏది కావాలంటే అది ఎక్కించుకోవాలి, మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. దానికి షరతులున్నాయి. గంటలోపు ఆసుపత్రికి చేరగలగాలి. చూసుకునే మనిషి ఒకరు వదలకుండా ఉండాలి. మరిగించిన నీళ్ళు, అప్పుడే వండిన తిండి మాత్రమే ఇవ్వాలి; పచ్చి కూరలు, పళ్ళు ఏవీ కూడదు. పలకరింపులకు ఎవరూ లోపలికి రాకూడదు. థర్మామీటరు నూరు దాటి కాస్త ఎగబాకినా, రాత్రనక పగలనక బయల్దేరాలి. వార్డులో అయితే నర్సు చేసే పని ఇంట్లో భార్య చేయాలి. సరేనన్నాను. ఈయన అడుగు ముందే వేశారు. సొంత మంచం, సొంత కిటికీ ఉంటాయంటే ఆయనకు అంతకంటే ఏం కావాలి.

మా అమ్మాయి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని చేస్తుంది. సెలవు పెట్టి వచ్చి ఇంటిని కడిగింది. కొట్టులోని దూదంతా గోడౌనుకు తరలించి, మధ్య తలుపు మూయించి, సందులకు టేపు అంటించింది. "మా దగ్గర ఒక మాత్ర తయారవాలంటే తల నుంచి కాళ్ళదాకా తొడుక్కుని లోపలికి వెళ్తామమ్మా. నాన్నకి ఆమాత్రం ఉండొద్దేటి?" అంది. సందులోకి ఉన్న కిటికీకి దోమల జాలి బిగించి, దానికొక చిన్న తలుపు, గడియ పెట్టించింది. ఆ గడియ లోపలి వైపు ఉంటుంది. తర్వాత, కంపెనీ బస్సులో అందరి దగ్గులూ తనే మోసుకొస్తానని భయపడి, ఆ రోజులన్నీ స్నేహితురాలి గదిలో ఉండిపోయింది.

మూలకణాలు ఎక్కించారు. చిన్న సంచీలో ఎర్రటి నీళ్ళలా ఉన్నాయవి. అవి దిగుతున్నంతసేపూ ఈయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం. వారం తిరిగేసరికి రక్తం కౌంటు దాదాపు ఏమీ లేనంతగా పడిపోయింది. నోరు పూసింది, జుట్టు దిండు మీదకు వచ్చేసింది.

మనుషులు రావడం అప్పుడే మొదలైంది.

రోగిని చూడబోయినవాడి కోసం దైవదూతలు సాయంత్రం దాకా దువా, అంటే ప్రార్థన, చేస్తారని నేనే పిల్లలకు నేర్పాను. ఆ పుణ్యం కోసం, ఈయన మీద ప్రేమ కోసం మసీదువాళ్ళు ఒక్కొక్కరే నమాజు అయ్యాక వచ్చేవారు. నేను మాస్కు వేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడేదాన్ని.

"ఏటమ్మా, పలకరించడానికొచ్చినోళ్ళని పోలీసులాగ ఆపేత్తన్నావు?" అన్నాడు ఒక పెద్దాయన.

"మామయ్యా, మీరు దూరం నుంచి దువా చేసినా చాలు."

"దువా దూరం నుంచే సేత్తాం. మనిషిని దగ్గరనుంచి సూత్తాం. రెండూ ఒకటేటి?"

వెనక్కి తిరిగిపోతున్న ఆ ముసలి వీపును చూస్తుంటే దైవదూతలకు నేనే దారి మూసేస్తున్నట్టు ఉండేది. తలుపు వేసి లోపలికి వచ్చి చేతులు కడుక్కునేదాన్ని. చర్మం పగిలిపోయేదాకా కడిగేదాన్ని.

ఒక్క మనిషికి మాత్రం తలుపు పూర్తిగా మూయలేకపోయాను. ఈయన అక్క. వాళ్ళ అమ్మ పోయేనాటికి ఈయన ఇంకా నడక నేర్వలేదట. తన చంకన మోసి పెంచింది. కోటవురట్లలో ఇచ్చారు. వారానికి ఒకసారైనా బస్సెక్కి వచ్చేది. సందులో కిటికీ పక్కన అరుగు మీద కుర్చీ వేసి, మాస్కు ఇచ్చి, జాలి అవతల నుంచి మాట్లాడుకోమన్నాను. అక్కడ కూర్చుని, చిన్నప్పుడు తమ్ముడు దూది గుట్టలో దూకి కనబడకుండా పోయిన కథ, ఆయన వెయ్యిసార్లు విన్నదే, మళ్ళీ చెప్పేది. నోటి పుండ్లతో ఆయన నవ్వలేక నవ్వేవారు.

ఒక శుక్రవారం ఆమె నీళ్ళ సీసాతో వచ్చింది.

మా మసీదు గుమ్మం దగ్గర ఒక అలవాటుంది. నమాజు అయ్యాక ఆడవాళ్ళు సీసాలూ చంటిపిల్లలూ పట్టుకుని నిలబడతారు. బయటికి వచ్చే ప్రతి నమాజీ ఖురానులోని ఏదో ఒక ఆయతు లోలోపల చదివి, పిల్ల మీదో నీళ్ళలోనో ఊది వెళతాడు. ముస్లింలే కాదు, బెల్లం మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళ ఆడవాళ్ళు కూడా, పిల్ల ఉలికిపడుతోందనో పాలు తాగట్లేదనో వచ్చి నిలబడతారు. శుక్రవారం జుమా నమాజు నాడైతే వరస వీధి మలుపు దాకా ఉంటుంది. ఆమె ఆ వరసలో నిలబడి వచ్చింది. ఎండకు మొహం కందిపోయింది, కళ్ళు వెలిగిపోతున్నాయి.

"ఎంతమంది ఊదేరో తెలుసేటే? ముసలోళ్ళు, కుర్రోళ్ళు, ఆకరికి ఇమాం సాబు కూడాను. తమ్ముడికనేసరికి ఒక్కడూ ఊరికే దాటిపోలేదు. ఒకాయనైతే కళ్ళనీళ్ళెట్టుకున్నాడు" అంది.

తాగే పాత్రలో ఊపిరి వదలవద్దని ప్రవక్త చెప్పిన మాట నాకు తెలుసు. రోగి మీద దైవవాక్కు చదివి ఊదడం ఆయన కాలంలో ఉన్నదేననీ తెలుసు. పండితులు ఈ రెంటినీ ఎలా కలిపి చెప్పారో కూడా చదువుకున్నాను. కానీ ఆ క్షణంలో నాకు కనిపించింది ఆ సీసాలో మునిగివున్న జలుబులు, దగ్గులు మాత్రమే.

"ఇలా ఇవ్వండి వదినా. కాచి ఇత్తాను."

"కాచడమేటి?"

"మరిగించి, సల్లార్చి."

"ఓలమ్మో! దువాని ఉడకబెడతావేటే? అదేటి పప్పనుకున్నావా?"

"నీళ్ళు మరుగుతాయి గాని అల్లాహ్ మాట మరుగుద్దా వదినా? ఎనకటి ప్రవక్తొకరిని నిప్పుల్లో పడేత్తే నిప్పే సల్లబడింది కదా. ఆ మాటకేటీ అవదు."

"నాకు పాఠాలు సెప్పకు. అలిఫ్ బే నేర్సుకోడానికి రాలేదు నాను నీ దగ్గరికి. ఇన్ని నోళ్ళు ఊదినియ్యి, పొయ్యి మీదెడితే ఆవిరయిపోవేటి?"

లోపలినుంచి ఈయన గొంతు, గరగరగా: "అక్కా, ఊరుకో. అది నన్ను కూడా మరగబెట్టే ఈ గదిలో ఎట్టింది."

ఆమె నవ్వలేదు. సీసా నా చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో పోసి మరిగించాను. బుడగలు పైకి లేస్తుంటే బిస్మిల్లా అంటూనే ఉన్నాను. మూత పెట్టి చల్లార్చి ఆయన స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, అల్‌హందులిల్లాహ్ అన్నారు. కిటికీ అవతల ఆమె అటువైపు తిరిగి ఉంది. కోపం అనుకున్నాను. సాయంత్రం బస్సుకు చెప్పకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి వచ్చేదాకా బాగానే ఉన్నారు. సాయంత్రపు అసర్ నమాజు కుర్చీలో కూర్చుని మొదలుపెట్టిన మనిషికి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. థర్మామీటరు పెడితే నూటొకటి దాటింది. ఫోను అందుకున్నాను. బెల్లం వ్యాపారం చేసే ఈయన స్నేహితుడు, కారు సిద్ధంగా ఉంచుతానని మొదటినుంచీ అంటున్న మనిషి, లుంగీ మీదే వచ్చేశాడు.

రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు. ఒకటి దాటితే ఇంకొకటి. "బావా, నిద్రపోకు. ఏదోటి మాటాడు" అన్నాడు ఆ స్నేహితుడు హారను మీద చెయ్యి తీయకుండా.

"ఏటి మాటాడమంటావు బావా. మార్కెట్లో ఈవేళ బెల్లం ఎలగుందో సెప్పు."

"ఒళ్ళు కాలిపోతంటే బెల్లమేట్రా నీకు!" అన్నాడు. ఆ తర్వాత ఊరు దాటేదాకా రకం రకం ధర వరసగా చెబుతూనే ఉన్నాడు. నేను వెనక సీట్లో ఈయన తల ఒళ్ళో పెట్టుకుని పోయేముందు వినిపించే కలిమా చెవిలో చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. చెబితే పోతున్నట్టు ఆయనకు తెలిసిపోతుంది. చెప్పకపోతే ఒకవేళ నిజంగానే పోతే. ఆ రోడ్డంతా ఆ ఆలోచనతోనే గడిచింది.

చేరేసరికి బీపీ పడిపోయింది. సెలైను, యాంటీబయాటిక్, ఆక్సిజన్, అన్నీ ఒక్కసారి మొదలుపెట్టారు. డాక్టరుగారు నన్ను అడిగారు: "నిన్నా ఇవాళా ఏం తిన్నారు? బయటి నీళ్ళు ఏమైనా తాగారా?"

"లేదండీ. ప్రతి చుక్కా కాచిందే" అన్నాను. గర్వంగానే అన్నాను.

ఈయన కళ్ళు మూసుకున్నారు. డాక్టరుగారు నర్సువైపు తిరగగానే నా మణికట్టు పట్టుకున్నారు. మాట కోసం వంగాల్సి వచ్చింది.

"సీసాలో నీళ్ళన్నీ నీకివ్వలేదు అక్క. ముందే కొంచెం వేరే గ్లాసులో దాసింది. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు... గడియ నేనే తీసేను."

"ఎందుకు?" అన్నాను.

"జుమాకి ఎల్లి ఎన్నాళ్ళయిందే. వాళ్ళు రాలేకపోయినా వాళ్ళ ఊపిరైనా వచ్చింది కదా అనిపించింది. ఆవిరైపోకముందే తాగాలనిపించింది." నా మణికట్టు ఇంకా వదల్లేదు. "డాక్టరుగారికి సెప్పు. అక్కకి మాత్రం, దీనివల్లే అని ఎప్పుడూ అనకు. అది బతకదు."

డాక్టరుగారికి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. ఇంకొక మందు చేర్చారు. "ఈ జ్వరం దానివల్లేనని నేను చెప్పలేను. ఆసుపత్రి లోపలి గదుల్లో ఉన్నవాళ్ళకూ వస్తుంది. చాలాసార్లు మనిషి పేగుల్లో ఉన్న క్రిములే ఈ సమయంలో రక్తంలోకి వస్తాయి. అయినా చెప్పడం మంచిదైంది" అన్నారు.

తర్వాతి రోజులు ఆయన లోపల, నేను వరండాలో. ఒక మూల దుప్పటి పరిచి నమాజు చేసేదాన్ని. సుజూదులో తల ఆన్చగానే దువా బదులు ఫిర్యాదు వచ్చేది. యా అల్లాహ్, చూశావా ఆమె ఏం చేసిందో అని. ఆమెకు శిక్ష వెయ్యమని అడగలేదు గాని, నా మాటే నిజమని తేల్చమని అడిగాను. భర్త ప్రాణం అడగవలసిన చోట తీర్పు అడుగుతున్నానని గుర్తొచ్చి తల ఎత్తేసేదాన్ని. మళ్ళీ ఆన్చితే మళ్ళీ అదే. ఎన్నేళ్ళుగా పిల్లలకు వినయం నేర్పుతున్న నోరు నాది. ఆ నేల మీద అది నాకు ఒక్క పూట కూడా కుదరలేదు.

రక్తపరీక్షలో ఏ క్రిమీ తేలలేదు. అంటే నా ఫిర్యాదుకు కూడా జవాబు రాలేదన్నమాట.

ఒకరోజు పొద్దున నర్సమ్మ తలుపు తీసి, "కౌంటు కదిలిందమ్మా" అంది. మర్నాటికి ఇంకాస్త. ఆయన మూలకణాలు ఆయన ఎముకల్లో చోటు వెతుక్కుని పని మొదలుపెట్టాయి. జ్వరం దిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. గుమ్మంలో మా అమ్మాయి నాన్నని ముట్టుకోవచ్చా అని నా మొహం చూసింది. ముట్టుకోమన్నాను.

లోపలికి రావచ్చని డాక్టరుగారు అనుమతించాక వదిన వచ్చింది. వెంట కోటవురట్ల నుంచి ఇద్దరు ఆడవాళ్ళు. మంచం పక్కన కూర్చుని, తమ్ముడి బోడి తల నిమిరి, నావైపు తిరిగింది.

"ఇప్పుడు సెప్తన్నాను ఇనుకో. ఆవేళ నీకు తెలీకుండా పచ్చి నీళ్ళే పోసేను ఈడికి. అందుకే గట్టెక్కేడు. నువ్వు కాసినయ్యి తాగుంటే ఏటైపోయేవోడో!"

వెంట వచ్చినవాళ్ళు సుబ్‌హానల్లాహ్ అన్నారు. నా నాలుక చివరదాకా వచ్చింది మాట. ఈయన నావైపు చూస్తున్నారు. "టీ తాగుతారా వదినా" అని లేచి వెళ్ళాను.

అది అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. ఆమె ఆ కథను బస్సులో చెప్పింది, పెళ్ళిళ్ళలో చెప్పింది. మసీదు గుమ్మం దగ్గర వరసలో చెప్పింది. కొద్ది రోజులకు ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. కొడుక్కి రక్త క్యాన్సరట, ఇలాంటి చికిత్సే చేస్తారట. "కాయకుండా ఇవ్వాలటగా అమ్మా ఆ నీళ్ళు?" అని అడిగింది. ఆమెను కూర్చోబెట్టి కాచే ఇవ్వాలని చెప్పాను. ఆమె తల ఊపింది గాని నమ్మలేదు.

దీనివల్లే అని వదినతో అనొద్దని ఈయన అడిగిన మాట తప్పలేదు. ఇమాం సాబు ఇంటికి వెళ్ళి, ఆయన భార్య ముందు కూర్చుని, మా ఇంటి సంగతి ఎత్తకుండా డాక్టరుగారు చెప్పిన జాగ్రత్తలు మాత్రం చెప్పాను. తర్వాతి జుమాలో ఇమాం సాబు మైకులో అన్నారు: ఫలానా చికిత్సలో ఉన్నవాళ్ళ నీళ్ళలో ఎవరూ ఊదకండి, చేతులెత్తి దువా చేయండి, ఊదిన నీళ్ళు ఇచ్చితీరాలంటే మరిగించి ఇవ్వండి, అందులో దోషం లేదు అని. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా. వరసలో సీసా పట్టుకుని నిలబడ్డవాళ్ళలో వదిన కూడా ఉందట. విని, సీసాలో నీళ్ళు చెట్టు మొదట్లో ఒంపేసి బస్సెక్కిందట.

ఆ తర్వాత ఆమె మా ఇంటికి రాలేదు. ఫోను చేస్తే కోడలు ఎత్తి "అత్త పడుకుంది" అంటుంది. ఈయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకే అనిపిస్తుంది. శుక్రవారం జుమా నుంచి వచ్చి, కోటవురట్ల బస్సు వచ్చే వేళకు వీధివైపు కుర్చీ వేసుకుంటారు. బస్సు వెళ్ళిపోయాక లోపలికి వస్తారు.

ఆయన రోజూ ఒక బిళ్ళ వేసుకుంటున్నారు. జబ్బు పోయిందని డాక్టరుగారు ఎప్పుడూ అనరు, నిద్రపోతోందంటారు. లేస్తుందా అంటే లేవవచ్చంటారు. ఎప్పుడంటే పైకి చూపిస్తారు. ప్రతి రక్తపరీక్ష ముందు రోజు నాకు అన్నం దిగదు. తెల్లకణాలు లేని ఆ రోజుల్లో నేను కాపలా ఉండి కాపాడింది ఎంత, ఆ గ్లాసు చేసిన చెడుపు ఎంత, లేక మేలే ఎంత, నాకు తెలియదు. లెక్క తెలిసినవాడు ఒక్కడే. ఆయన చెప్పడు.

చదువుతున్న అన్నలారా, అక్కలారా, మీరు ఏ ఊళ్ళో ఉన్నా, దేవుణ్ణి ఏ మాటతో పిలిచినా, కాస్త ఆగి నాతోపాటు చేతులెత్తండి. ఓ ప్రభూ, ఈ మనిషి ఎముకల్లో నువ్వు రెండోసారి నాటినదాన్ని పెరికేయకు. నిద్రపోతున్న జబ్బును లేపకు. ఆ తల్లి కొడుకును కాపాడు. తల్లిలా పెంచిన ఆ అక్క మనసులోని కోపాన్ని తీసేసి, ఆమెను మా గుమ్మంలోకి తీసుకురా. సుజూదులో నాకు రాని వినయాన్ని నాకు ఇవ్వు. ఆమీన్ అనండి. మీరూ అనండి.